చందమామలు కొన్నాళ్ళు అటక మీద పెట్టండి

ప్రశ్న: నమస్తే అండీ. మాది చీరాల దగ్గర ఒక చేనేత ఊరు. నాకిప్పుడు నలభై దగ్గర పడుతోంది, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పుడు నాన్న చీరాల వెళ్ళినప్పుడల్లా నాకోసం చందమామ, బాలమిత్ర తెచ్చేవాడు. ఆయనకి చదువు రాదు, మగ్గం మీద కూర్చుంటే పక్కన నేను చదివి వినిపించేదాన్ని. నేనివాళ ఈ మాత్రం ఉన్నానంటే ఆ పుస్తకాల వల్లే. అందుకే మొన్న సంక్రాంతికి మా పాత ఇంటి ముందు గది బాగుచేయించి, దాచుకున్న చందమామలు, ఫ్రెండ్స్ ఇచ్చిన పుస్తకాలు బీరువాలో సర్ది పిల్లలకి లైబ్రరీ పెట్టాను. మొదటి రెండు రోజులు గది నిండా వచ్చారు. తర్వాత ఐదారుగురు. ఇప్పుడు మా పిన్ని రోజూ తలుపు తీసినా ఎవరూ రావట్లేదంట. ఐదో తరగతి పిల్లాడికి బేతాళ కథ ఇచ్చి చదవమంటే ఒక్క లైన్‌కే చెమటలు పట్టాయి వాడికి, నాకు ఏడుపొచ్చింది. ఈ రోజుల్లో పుస్తకాలు ఎవడు చదువుతాడు, ఆ లక్ష రూపాయలేవో స్కూలుకి ఇచ్చేయ్ అంటున్నారు మా ఆయన. కంటిన్యూ చేయనా మానేయనా? నాన్న పేరు మీద బోర్డు రాయిద్దామని కూడా అనుకున్నాను, అదీ ఆగిపోయింది. (పేరు వేయొద్దు.)

సమాధానం:

అమ్మా, పేరు వేయొద్దన్నారు కాబట్టి ఇలాగే పిలుస్తాను. మానేయకండి. కాకపోతే ఇప్పుడున్నది ఉన్నట్టుగా కంటిన్యూ చేయమని మాత్రం చెప్పను, ఎందుకంటే మీరు ఆ గదిలో పెట్టింది పిల్లల లైబ్రరీ కాదు, మీ చిన్నతనం. అది మీకు చాలా విలువైనదే, కాదనను, కానీ దాన్ని చూడ్డానికి పిల్లలు రెండు రోజులు వస్తారు, మూడో రోజు వాళ్ళ ఆటలు వాళ్ళవి. కొంచెం కటువుగా ఉందేమో, మీ ఉత్తరం రెండుసార్లు చదివాకే ఈ మాట రాస్తున్నాను.

ముందు చందమామ సంగతి తేల్చేద్దాం. నాకూ ఇష్టమే, మన తరంలో దాని పేరు చెబితే కళ్ళు మెరవని వాళ్ళు తక్కువ. 1947 జులైలో మద్రాసులో చక్రపాణి, నాగిరెడ్డి గార్లు మొదలుపెట్టారు, 1952 నుంచి పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు దాని భాషని కంటికి రెప్పలా చూసుకున్నారు, వచ్చిన ప్రతి కథనీ సాఫీగా తిరగరాసి గానీ వేసేవాళ్ళు కాదు, దాసరి సుబ్రహ్మణ్యం గారు పేరు కూడా వేసుకోకుండా ఏళ్ళ తరబడి సీరియల్స్ రాశారు. వపా (వడ్డాది పాపయ్య) గారి బొమ్మలు, శంకర్ బేతాళుడి బొమ్మ, ఇవన్నీ మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఆ పత్రిక ఇప్పుడు రావట్లేదు, ఆగిపోయి కూడా పదేళ్ళు దాటింది. మీ బీరువాలో ఉన్న కాపీ తీసి, మీ కళ్ళతో కాదు, ఆ ఐదో తరగతి పిల్లాడి కళ్ళతో ఒక పేజీ చూడండి. పేజీకి రెండు కాలమ్స్, సన్న అక్షరం, ఊపిరి తీసుకోడానికి చోటు లేకుండా పేరాలు, అందులో రాజులు, మంత్రులు, జమీందార్లు, వైశ్యులు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది గానీ ఆ బొమ్మ కింద ఉన్న అక్షరాల అడవిలోకి వాడు ఒక్కడే ఎలా వెళ్తాడు?

వాడు ఎక్కడ ఆగిపోయాడో నేను చూడకుండానే చెప్పగలను, 'విక్రమార్కుడు' దగ్గర ఆగి ఉంటాడు. 'వి' అంటాడు, తర్వాత క కింద క్రారవడి చూసి కాసేపు తటపటాయించి 'క్ర' అంటాడు, 'మా' సులువుగానే వస్తుంది, అక్కడ 'ర్క' వచ్చేసరికి ఏది ముందు పలకాలో ఏది తర్వాత పలకాలో తెలీదు, పైన ర ఉంది కింద క ఉంది, మన మొహం వంక చూస్తాడు. మనం అందిస్తాం. 'డు' అని ముగిస్తాడు. అప్పటికి వాక్యం మొదట్లో ఏముందో వాడి బుర్రలోంచి ఎగిరిపోయి ఉంటుంది. ఇలా పది మాటలు లాగాక వాడికి మిగిలేది కథ కాదు, అలసట. తల, కల, పలక దాకా అందరూ వస్తారు, గుణింతాల దగ్గర కొంతమంది జారిపోతారు, ఒత్తుల దగ్గర చాలామంది. వాడు మొద్దూ కాదు, బద్ధకస్తుడూ కాదు. పల్లెటూళ్ళ పిల్లలకి చదవడం, లెక్కలు ఏమాత్రం వచ్చో చూసే అసర్ సర్వే 2024లో చెప్పిన ప్రకారం దేశం మొత్తం మీద పల్లెటూళ్ళలో ఐదో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 48.8 శాతం. రెండేళ్ళ ముందు, కోవిడ్ తర్వాత, అది 42.8 శాతమే. అంటే మీ గదిలోకి వచ్చే పిల్లల్లో దాదాపు సగం మంది చదవలేని స్థితిలోనే వస్తారని ముందే లెక్కేసుకోవాలి. మీ ఏడుపు నాకు అర్థమైంది, కానీ ఆ పిల్లాడి ఎదురుగా మాత్రం అలాంటి మొహం పెట్టకండి, వాడు ఆ రోజు తర్వాత రాకపోవడానికి అదే కారణం అయ్యుండొచ్చు. అందరి ముందూ చదవమని అడిగారు, వాడికి రాదని అందరికీ తెలిసిపోయింది, ఇంక ఎందుకొస్తాడు? మొదటి రోజే పిల్లల్ని చదవమని అడక్కూడదు, అది స్కూల్లో చాలడం లేదా ఏంటి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద సంగతిని మీరు ఒక్క లైన్‌లో రాసి దాటేశారు. నాన్నకి చదువు రాదు, మగ్గం పక్కన కూర్చుని చదివి వినిపించేదాన్ని అన్నారు. మీరేమో ఆ పుస్తకాల వల్ల చదువరి అయ్యానని అనుకుంటున్నారు, నాకు మాత్రం అలా అనిపించట్లేదు. అదే చందమామ మీ వీధిలో ఇంకో పది ఇళ్ళకి కూడా వచ్చి ఉంటుంది, ఆ పిల్లలందరూ మీలా అయ్యారా? మీ ఇంట్లో ఉన్నదీ వాళ్ళ ఇళ్ళలో లేనిదీ ఏంటంటే, మీరు చదివితే వినాలని ఎదురుచూసే మనిషి. పొద్దుట్నుంచి గుంటలో కాళ్ళు పెట్టుకుని నాడె ఆడిస్తూ కూర్చున్న ఆయనకి తర్వాత ఏమైందో తెలియాలి, తెలియాలంటే మీరు చదవాలి, వేరే దారి లేదు. మీరు ఒక మాట తప్పు చదివితే ఆయన మార్కులు తీసేయడు, కథ అర్థం కాకపోతే మాత్రం ఏందీ మళ్ళీ చదువు అంటాడు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఇంట్లో ఆ హోదా రావడం చిన్న విషయం కాదండీ. రోజూ గట్టిగా చదవడం, తడబడితే వెనక్కెళ్ళి సరిచేసుకోవడం, వినేవాడికి బోర్ కొట్టకుండా గొంతు మార్చడం, టీచర్లకి ట్రైనింగులు పెట్టి నేర్పేవి ఇవే, మీకు మగ్గం పక్కన ఫ్రీగా దొరికాయి.

అందుకే అంటున్నా, మీరు ఊళ్ళో మళ్ళీ పెట్టాల్సింది చందమామని కాదు, ఆ వినే మనిషిని.

ఇలాంటిదే ఒకటి ఎక్కడో అమెరికాలో జరిగింది, చెప్తాను. డాలీ పార్టన్ అని పాటలు పాడే ఆవిడ, చాలా పెద్ద స్టార్, టెనెసీ కొండల్లో బాగా పేద కుటుంబంలో పుట్టింది. వాళ్ళ నాన్నకి చదవడం రాయడం రాదు. 1995లో ఆవిడ సొంత కౌంటీలో పుట్టిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఐదేళ్ళు వచ్చేదాకా నెలకో కొత్త పుస్తకం పోస్టులో ఇంటికే పంపే పథకం మొదలుపెట్టింది, ఇప్పుడది ఐదు దేశాల్లో నడుస్తోంది, పంచిన పుస్తకాలు ఇరవై కోట్లు దాటాయి. దేన్ని చూసి మొదలుపెట్టావమ్మా అని ఎవరడిగినా ఆవిడ చెప్పేది వాళ్ళ నాన్న గురించే. నేను చిన్నప్పుడు ఫలానా పుస్తకం చదివి మారిపోయాను, మీరూ అదే చదవండి అనలేదు, నాన్నకి ఏది దొరకలేదో అది ఈ పిల్లలకి పుట్టగానే దొరకాలి అనుకుంది. చిన్నప్పటి ఇష్టంతో ఇలాంటి పనుల్లోకి దిగేవాళ్ళని చాలామందిని చూశాను, అందులో 'నేను చదివినవే వీళ్ళూ చదవాలి' అనుకునేవాళ్ళు ఏడాదిలోపే పిల్లల మీద విసుక్కుని వెళ్ళిపోతారు, 'నాకు దొరికినట్టు వీళ్ళకీ దొరకాలి' అనుకునేవాళ్ళు ఉండిపోతారు.

సరే, మరి వినే మనిషిని ఎక్కడ్నుంచి తేవాలి అంటారా, చేనేత ఊళ్ళో అదొక సమస్యే కాదు. మగ్గం ఆడుతుంటే ఆ చప్పుడులో ఇప్పుడు పిల్లల గొంతు వినపడకపోవచ్చు (మీ గొంతు పెద్దదై ఉంటుంది), కానీ ప్రతి ఇంట్లో మధ్యాహ్నం పూట కండెలు చుట్టుకుంటూ ఒక నాయనమ్మో అమ్మమ్మో ఉంటుంది కదా. ఆవిడకి చేతులకే పని, చెవులు ఖాళీ. ఆరు, ఏడు తరగతుల పిల్లల్లో కాస్త చదవగలిగినవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని పట్టుకుని, ఒక చిన్న పుస్తకం వారం మొత్తం వాళ్ళ చేత మూడు నాలుగుసార్లు చదివించి, బాగా నోటికి ఆడాక, ఇప్పుడు వెళ్ళి మీ మామ్మకి వినిపించి రా, ఏం అన్నదో వచ్చి చెప్పు అనండి. ఏం అన్నదో చెప్పు అన్నది మర్చిపోవద్దు, పిల్లలు ఆ మాట పట్టుకునే పరిగెత్తుతారు. కొంతమంది మామ్మలు ఇదేం కథ, నే చెప్తా విను అని తిరిగి వాళ్ళ కథ మొదలుపెడతారు, అదింకా మంచిది, ఆ కథ పిల్ల చేత కాయితం మీద రాయించి బొమ్మ వేయించి కుట్టించండి, మీ లైబ్రరీలో అందరూ ఎగబడి చదివే పుస్తకం అదే అవుతుంది, ఎందుకంటే అందులో పేర్లన్నీ ఊళ్ళోవాళ్ళవే. అలాగే పెద్ద పిల్లల చేత అంగన్‌వాడీ పిల్లలకి చదివించండి. ఆ ఐదో తరగతి పిల్లాడు ఉన్నాడే, వాడికి ఇది దేవుడిచ్చిన వరం, ఎందుకంటే నాలుగేళ్ళ పిల్లలకి చదవాలంటే పేజీకి ఒక లైన్ ఉన్న పుస్తకమే కావాలి, వాడు ఆ చిన్న పుస్తకం చదవడంలో నామోషీ ఏం ఉండదు, నా కోసం కాదు బుడ్డోడి కోసం చదువుతున్నా అనుకుంటాడు.

మీరు ఊరెళ్ళినప్పుడు మీ పని ఏంటంటే చదివి వినిపించడం. పుస్తకం మీ వైపు కాదు పిల్లల వైపు తిప్పి పట్టుకోండి, బొమ్మ అందరికీ కనపడాలి, లైన్ కింద వేలు పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్ళండి, మధ్యలో ఆపి ఇప్పుడేమవుద్దో చెప్పండి అని ఒక్కసారి అడిగితే చాలు, పది ప్రశ్నలు వేస్తే అది క్లాసు అయిపోద్ది. అయిపోగానే నీతి అడక్కండి దయచేసి. మన వాళ్ళకి ఈ జబ్బు ఎక్కువ, కథ అయిన సెకనులో 'పిల్లలూ ఈ కథలో నీతి ఏమిటి' అంటారు, నవ్వుతున్న మొహాలన్నీ ఒక్కసారిగా ముడుచుకుపోతాయి. అదే కథ మళ్ళీ చదవమంటే మళ్ళీ చదవండి, మూడోసారి చదివేటప్పటికి చదవడం రాని పిల్లలు కూడా మీతో పాటు లైన్లు అప్పజెప్పేస్తుంటారు, అప్పుడు ఆ పుస్తకం వాళ్ళ చేతికిచ్చి వదిలేయండి. నోటికొచ్చిన మాటలకీ కంటికి కనపడే అక్షరాలకీ లంకె అక్కడే పడుతుంది. ఇక్కడే చందమామలు పనికొస్తాయి, చదవడానికి కాదు, వినడానికి. పిల్లలు చదవగలిగేదానికంటే విని అర్థం చేసుకోగలిగేది ఎప్పుడూ రెండు మెట్లు పైన ఉంటుంది, బేతాళ కథ మీరు గొంతు మార్చి చదివారంటే గుడ్లప్పగించి వింటారు. కాబట్టి అటక మీద పెట్టమన్నాను గానీ అమ్మేయమనలేదు.

మార్కుల లెక్కన నిమిషానికి ఇన్ని మాటలు చదవాలి అని స్టాప్‌వాచ్ పట్టుకునే వాళ్ళు ఎవరైనా సాయానికి వస్తే మర్యాదగా వద్దనండి. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకంలో మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అని లక్ష్యం ఉంది, స్కూళ్ళకి ఏదో ఒక కొలత ఉండాలి కాబట్టి ఉండనీయండి, కానీ మన తెలుగులో విభక్తులు అంటుకుని, సంధులు కలిసి ఒక్కో మాట బారెడు పొడుగుంటుంది, మీ ముందు గదిలో ఆ లెక్క మనకెందుకు.

ఇంక ఫ్రెండ్స్ ఇచ్చిన పుస్తకాలు. మీరు లిస్టు రాయలేదు గానీ ఊహించగలను, పాత ఎంసెట్ గైడ్లు, వ్యక్తిత్వ వికాసం, సగం చిరిగిన ఇంగ్లీష్ ఎన్‌సైక్లోపీడియా ఒక వాల్యూమ్, వాళ్ళ పిల్లలు వాడేసిన కాన్వెంట్ రీడర్లు. అవునా? ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు పారేయలేక ఇచ్చే వాటితో పిల్లల లైబ్రరీ అవ్వదు. రూమ్ టు రీడ్ అనే సంస్థ పుట్టిందే ఇలాంటి ఒక బీరువా చూసి. జాన్ వుడ్ అని మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆయన 1998లో నేపాల్ కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్తే ఒక స్కూలు హెడ్మాస్టర్ మా లైబ్రరీ చూద్దురు రండి అని తీసుకెళ్ళాడంట, చూస్తే ఉన్న నాలుగు పుస్తకాలూ అటుగా పోయే టూరిస్టులు చదివి వదిలేసిన పెద్దవాళ్ళ నవలలు, అవి కూడా పిల్లలు పాడుచేస్తారని బీరువాలో పెట్టి తాళం వేసి ఉన్నాయి. ఆయన తెలిసినవాళ్ళందర్నీ అడిగి పుస్తకాలు పోగేసి తెచ్చాడు, 2000లో సంస్థే పెట్టాడు, కానీ నాలుగేళ్ళు తిరక్కుండానే వాళ్ళకి అర్థమైంది, తెచ్చిచ్చిన ఇంగ్లీష్ పుస్తకాలతో పని జరగదు, పిల్లలకి వాళ్ళ భాషలో పుస్తకాలే లేవు అని, ఇంక అక్కడి రచయితల చేతా బొమ్మలేసేవాళ్ళ చేతా స్థానిక భాషల్లో అచ్చేయించడం మొదలుపెట్టారు. మీ బీరువా విషయంలో కూడా చేయాల్సింది ఇంతే. పనికిరానివి నిర్మొహమాటంగా తీసేయండి, ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా పర్లేదు. అసలు బీరువానే వద్దు. పుస్తకం వీపు చూసి ఎంచుకునేంత వయసు కాదు వాళ్ళది, అట్ట కనపడాలి. మీ ఊళ్ళో దారానికి కొదవేముంది, గోడకి ఆ చివర్నుంచి ఈ చివరకి పిల్లల ఛాతీ ఎత్తులో రెండు మూడు వరసలు దారాలు కట్టి పుస్తకాలు మధ్యకి తెరిచి వేలాడేయండి. ఖర్చు సున్నా, అందం చూడండి.

కొనడానికి మంచి తెలుగు పుస్తకాలు ఉన్నాయా అని మీకు డౌట్ రావొచ్చు, ఉన్నాయి. సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం అనే సంస్థ వాళ్ళు ఎక్కువగా పిల్లల పుస్తకాల మీదే పనిచేస్తున్నారు, ధరలు కూడా తక్కువ. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం అని ఎప్పట్నుంచో వేస్తోంది, తూలికా వాళ్ళవీ ప్రథమ్ బుక్స్ వాళ్ళవీ తెలుగులో దొరుకుతాయి, పల్చటివి, పేజీకి రెండు మూడు లైన్లవి. ప్రథమ్ వాళ్ళదే స్టోరీవీవర్ అని 2015 నుంచి ఒక సైట్ ఉంది, అందులో తెలుగు కథలు బోలెడు, చదివే స్థాయిని బట్టి నాలుగు లెవెల్స్‌గా పెట్టారు, ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, లైసెన్స్ గొడవ లేదు. ముందు లెవెల్ ఒకటి, రెండు మాత్రమే తీసుకోండి, మీ ఐదో తరగతి వాళ్ళకి కూడా. లక్ష ఉందని లక్షా ఒకేసారి పెట్టకండి. పాతిక వేలు పెడితే ఆ గది గోడలన్నీ నిండుతాయి, ఆరు నెలలు చూసి ఏవి చిరిగాయో చూసుకుని మళ్ళీ అలాంటివే కొనండి. చిరగని పుస్తకం చదవని పుస్తకం, పిన్ని గారికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఆవిడ పిల్లల చేతులు కడిగించి లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుంటారు. ఇంటికి కూడా ఇవ్వాలి, ఒక నోట్‌బుక్‌లో పేరూ పుస్తకమూ పిల్లలే రాసుకుంటారు, అదీ రాతే కదా. పోతే పోతుంది. ఫైన్ పెట్టారంటే మాత్రం పుస్తకం పోగొట్టిన పిల్ల మళ్ళీ గుమ్మం తొక్కదు.

పిన్ని గారి గురించి ఒక ముక్క. తలుపు తీయడం వేరు, పిల్లలతో కూర్చోవడం వేరు. ఆవిడకి ఓపిక ఉంటే సరే, లేకపోతే ఊళ్ళో ఇంటరో డిగ్రీయో చదివే అమ్మాయి ఎవరో ఒకరు ఉంటారు, పిల్లలంటే చిరాకు లేని అమ్మాయిని చూసి నెలకి ఇంతని ఇవ్వండి. మొహమాటపడి సేవ చెయ్యమ్మా అనకండి, డబ్బివ్వండి, మీ లక్షలో ఎక్కువ భాగం పోవాల్సింది దీనికే. రోజూ అక్కర్లేదు, వారానికి మూడు రోజులు సాయంత్రం గంటన్నర, అయితే ఆ రోజూ ఆ టైమూ మారకూడదు. వానొచ్చినా, ఒక్కడే వచ్చినా తెరవాలి. తలుపులూ కిటికీలూ తీసే ఉంచాలి, పిల్లల ఫొటోలు వాళ్ళ అమ్మానాన్నల్ని అడక్కుండా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు, ఈ రెండూ మొదటి రోజు నుంచే రూల్.

ఈ రోజుల్లో పుస్తకాలు ఎవడు చదువుతాడని మీ ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది, అందరి చేతుల్లో ఫోన్లే. ఫోన్‌తో పోటీ పడి పుస్తకం గెలవదు, పోటీ పెట్టకుండా ఉంటే రెండూ ఉంటాయి. ఆ గదిలో మీరున్న గంటన్నర ఫోన్ బయటపెట్టమనండి, మీది కూడా, ఇంటికెళ్ళాక చూస్తే చూడనీయండి, ఫోన్ చూస్తే పాడైపోతారు అని లెక్చర్లు మాత్రం వద్దు. ఇంక డబ్బు స్కూలుకి ఇచ్చేయమన్నది, స్కూళ్ళకి గవర్నమెంటు నుంచి లైబ్రరీ పుస్తకాలు వస్తూనే ఉంటాయి, చాలాచోట్ల హెడ్మాస్టర్ రూములో బీరువాలో ఉంటాయి, ఆడిట్‌లో లెక్క తేలకపోతే జేబులోంచి కట్టాలేమో అని టీచర్ల భయం, వాళ్ళ తప్పు కూడా పూర్తిగా కాదు. డబ్బిచ్చే బదులు మీరు వెళ్ళి తెలుగు టీచర్‌తో మాట్లాడండి, వారానికి ఒక పీరియడ్ ఆ పుస్తకాలు బయటికి తీద్దాం, చిరిగితే నేను కొత్తది కొనిస్తా అని రాతపూర్వకంగా చెప్పండి. ఐదారు వేల రూపాయల మాటతో బీరువా తాళాలు తెరుచుకోవడం నేను చూశాను.

ఇంకోటి, మీరు చీరాల పక్క మనిషి అయ్యుండి వేటపాలెం ఊసెత్తలేదేంటి? 1918లో అక్కడ కొంతమంది కుర్రాళ్ళు, వాళ్ళలో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి గారు ముఖ్యులు, సారస్వత నికేతనం అనే లైబ్రరీ పెట్టారు, 1929లో కొత్త భవనానికి గాంధీ గారు వచ్చి శంకుస్థాపన చేశారు. ఇవాళ్టికీ పాత పేపర్ల కోసం, పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో రీసెర్చ్ చేసేవాళ్ళు వస్తుంటారు. అప్పట్లో మనవాళ్ళకి ఇదొక పిచ్చి, విజయవాడలో 1914లోనే అయ్యంకి వెంకట రమణయ్య గారు గ్రంథాలయ మహాసభ పెట్టారు, 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ మీద పుస్తకాలు తిప్పారు, ఒడ్డునున్న ఊళ్ళవాళ్ళు వచ్చి తీసుకునేవాళ్ళు. ఒక ఆదివారం పిల్లల్ని ఆటోల్లో ఎక్కించుకుని వేటపాలెం తీసుకెళ్ళి ఊరికే తిప్పి చూపించండి. మీరు చేస్తున్నది హైదరాబాద్ నుంచి తెచ్చిన ఫ్యాషన్ ఏం కాదని ఊళ్ళో పెద్దవాళ్ళకి కూడా తెలుస్తుంది.

అలాగే మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి, అందులో లైబ్రరీ సెస్ అని ఒక పద్దు ఉంటుంది, పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. 1960 గ్రంథాలయాల చట్టం నాటి ఏర్పాటు అది, పంచాయతీ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకి జమ కట్టాలి, బకాయిలు పేరుకుపోయాయని పేపర్లో వస్తూనే ఉంటుంది. అంటే మీ ఊరు లైబ్రరీ కోసం ఎప్పట్నుంచో డబ్బు కడుతూనే ఉంది. దగ్గర్లో ఉన్న శాఖా గ్రంథాలయానికి వెళ్ళి లైబ్రేరియన్‌ని పరిచయం చేసుకోండి, పిల్లల పుస్తకాలు కొన్ని అప్పుగా తిప్పుకోడానికి వీలుంటుందా, మీ ఊళ్ళో పుస్తకాలిచ్చే కేంద్రం లాంటిది పెట్టడం కుదురుతుందా అని అడగండి. కుదరదంటే సర్పంచ్ గారి చేత అర్జీ రాయించండి. ఇది నెమ్మదిగా అయ్యే పని, దీనికోసం ఆగి కూర్చోకండి, మీ గది మీరు నడుపుతూ ఉండండి.

ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలి అంటే, వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడు. ఆ ఏప్రిల్, మే ఎండల్లో పిల్లలకి మధ్యాహ్నం పూట ఎక్కడికీ పోయే దారి ఉండదు, ఫ్యాన్ ఉన్న చల్లటి గది, కుండలో నీళ్ళు, గోడల నిండా బొమ్మల పుస్తకాలు ఉంటే పిలవక్కర్లేదు. మీరు సెలవు పెట్టుకుని మొదటి వారం రోజులైనా ఊళ్ళో ఉండాలి, ఉండి, ఆ అమ్మాయికి చదివి వినిపించడం నేర్పించాలి. ఆ ఐదో తరగతి పిల్లాణ్ణి మాత్రం మీరే ఇంటికెళ్ళి పిలవండి, చదువుకి కాదు, దారాలు కట్టడానికి సాయం రారా అని.

నాన్న గారి పేరు మాటకొస్తే, బోర్డు ఇప్పుడే వద్దమ్మా. ఫ్లెక్సీ కట్టి, రిబ్బన్ కట్ చేయించి, ఫొటోలు దిగి నెల తిరక్కుండా మూతపడ్డ లైబ్రరీలు మన దగ్గర చాలా ఉన్నాయి. ఒక ఏడాది నడవనివ్వండి. పిల్లలు దానికి ఏదో ఒక పేరు పెట్టేసే ఉంటారు, ఫలానా వాళ్ళ ముందు గది అనో, దారాల లైబ్రరీ అనో. అప్పటికీ నాన్న పేరే పెట్టాలనిపిస్తే పెయింటర్‌కి డబ్బులివ్వకండి, చదవడం వచ్చిన పిల్లల చేత రాయించండి, ఒత్తు ఒకటి అటూ ఇటూ పడినా సరే.